తోలు కప్పిన పిల్ల

మా అరుగు మీద కూర్చుంటే ఎదురింటి నల్లప్ప మామ గడప బాగా కనిపిస్తుంది. పరుల ఇళ్లలోకి తొంగిచూసే అలవాటు నాకు లేదు. కళ్లెదుట జరిగేదానికి కళ్లు మూసుకునే అలవాటూ లేదు.

ఉరవకొండ చుట్టుపక్కల గొర్రెల విషయం ఏదైనా ఒకప్పుడు నల్లప్పనే అడిగేవాళ్లు. మంద అల్లంత దూరాన దుమ్ములో వస్తుండగానే ఏ గొర్రె కుంటుతోందో చెప్పేవాడు. భార్య తిరుపాలమ్మ పోయింది, ఆయన మోకాళ్లు మొరాయించాయి. కొడుకు గంగాధరప్ప తండ్రికి చెప్పే మందను అమ్మేశాడు. ఆ అమ్మకం సంగతి ఇప్పుడు ఆయన తలలో లేదు. మతిమరుపు జబ్బని అనంతపురంలో డాక్టరు చెప్పాడు. పొద్దు వాలితే చాలు, కర్ర పట్టుకుని గడపలోకి వచ్చి కోడలు అరుణజ్యోతిని నిలదీస్తాడు.

"నా గొర్రెలు యాడికి తోలినావు?"

"మేతకు పోయినాయి మామా. వస్తాయి."

"అబద్ధం. నీ పుట్టింటికి తోలినావు."

అంతటితో ఆగినా సరిపోయేది. ఎండలు ముదిరాక ఆమె చేతి ముద్ద ముట్టడం మానేశాడు. సంగటిలో మందు పెట్టిందని ఆయన అనుమానం. గంగాధరప్పది గుంతకల్లు రైల్వేలో పని. సెలవుకు వచ్చి తన చేత్తో పెడితే తింటాడు. తక్కిన రోజుల్లో అరటిపండే గతి, అదీ తానే ఒలుచుకుంటేనే. మనిషి చిక్కి సగమయ్యాడు. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు.

"ఆ గొట్టం మామ పీకేస్తాడక్కా. అప్పుడు చేతులు కట్టేస్తారంట" అని అరుణజ్యోతి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ కళ్లనీళ్లను ఊరు నమ్మలేదు. నిప్పు లేనిదే పొగ రాదని బోరింగు దగ్గర ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. నా మాట చెప్పనా? ఆమె పంపిన చెనక్కాయల ఊరిబిండి పచ్చడిని వేలికొసతో నాకి, కడుపులో ఏమైనా అవుతుందేమోనని కాసేపు కాచుకుని, ఆ తర్వాతే అన్నంలో కలుపుకున్నాను.

చేతులకు అలవాటైన పని ఏదైనా ఇంట్లో ఇస్తే మనసు కుదుటపడుతుందని కూడా డాక్టరు చెప్పాడట. గంగాధరప్ప రంగురంగుల ప్లాస్టిక్ చక్రాలను కడ్డీకి తొడిగే బొమ్మ కొనుక్కొచ్చాడు. నల్లప్ప ఒక చక్రాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"నన్ను ఉయ్యాల్లో పండబెడతావేమిరా?" అని దాన్ని వీధిలోకి విసిరాడు.

అరుణజ్యోతి బొమ్మల జోలికి పోలేదు. ఊళ్లో ఇంకా మంద మేపుతున్న తిప్పయ్య దగ్గర గొర్రె ఉన్ని అడిగి తెచ్చింది. ఏమీ చెప్పకుండా ఆయన ముందు పెట్టి పక్కకు తప్పుకుంది. ఆయన వాసన చూసి, ఇది నా మందది కాదని గొణిగాడు. కానీ ఉన్నిలో పల్లేరుకాయలు ఇరుక్కుని ఉన్నాయి. వేళ్లు వాటిని ఏరడం మొదలుపెట్టాయి. కొన్నాళ్లకు కదురు అడిగి తీసుకుని దారం వడకసాగాడు. మధ్యాహ్నాలు ఇంట్లో రగడ తగ్గింది.

మావాళ్లు ఊరుకుంటారా? ముసలాయన చేత వడికించి దారం అమ్ముకుంటోందన్నారు. నేను తిప్పయ్యను ఆరా తీశాను. అమ్మిందేమీ లేదు. ఉండలన్నీ అటక మీద గంపలో ఉన్నాయట. అయినా ముద్ద మాత్రం ఆయన నోట్లోకి పోలేదు. నా అనుమానమూ పూర్తిగా పోలేదు.

ఒక పొద్దున తిప్పయ్య ఒక తల్లి గొర్రెను, ఒక పిల్లను తోలుకొచ్చాడు. ఆ గొర్రెకు పుట్టిన పిల్ల చచ్చింది. ఈ పిల్లకేమో తల్లి లేదు. గొర్రె దీన్ని దగ్గరికి రానివ్వక తలతో కుమ్ముతోంది. ఏం చేయాలో తిప్పయ్యకు తెలియక కాదు. ఇలాంటి పని ఏదైనా ఉంటే మామ ముందుకు తెమ్మని అరుణజ్యోతి ముందే చెప్పి పెట్టింది.

"సచ్చిన పిల్ల తోలు తీసిపెట్టినావా?" అన్నాడు నల్లప్ప.

తిప్పయ్య సంచిలోంచి తోలు తీసిచ్చాడు. కోడలి పేరు గుర్తురాని మనిషి, ఆ తోలుకు కాళ్లు దూరేలా కంతలు చేసి, బతికున్న పిల్లకు చొక్కాలా తొడిగాడు. గొర్రె ఆ పిల్ల తోక దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. మళ్లీ చూసింది. పిల్ల పొదుగు కిందికి దూరినా కుమ్మలేదు.

"గొర్రెకు కంటి మింద నమ్మకం ల్యా. వాసన సూసే నమ్ముతాది" అన్నాడు.

వాకిలి పక్కన నిలబడిన అరుణజ్యోతి అదంతా చూసింది.

మర్నాడు మధ్యాహ్నం జల్లెడ అడిగే నెపంతో నేను వాళ్లింటికి వెళ్లాను. జల్లెడ మా ఇంట్లోనే ఉంది. నడివేసవిలో అరుణజ్యోతి తిరుపాలమ్మ కంబళి కప్పుకుని కూర్చుంది. పెట్టెలో దాచిన ఆ కంబళికి ఇంకా అత్త నమిలిన ఆకువక్కల వాసన. ఆమె ముఖమంతా చెమట. సంగటి ముద్ద ఊరిబిండిలో అద్ది మామ నోటి ముందు పట్టుకుంది.

ఆయన కంబళి అంచు లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. తర్వాత తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమ్మే, తోలు కప్పుకొచ్చినావా?"

ఆమె ముద్దను వెనక్కి తీయలేదు.

"అవును మామా."

ఆయన నోరు తెరిచాడు. ముద్ద మింగాడు. ఇంకో ముద్దా మింగాడు. అప్పుడు నన్ను చూసి ముఖం చిట్లించాడు.

"గడపలో ఆయమ్మ ఎవరు? సూపు మంచిగ ల్యా. గొర్రెల కోసం వచ్చినట్లుండాది."

నాకు సిగ్గేసింది. జల్లెడ అడగకుండానే వెనక్కి తిరిగాను. వీధిలోకి దిగుతుంటే, లోపల ఆయన కోడలికి చెప్పడం వినిపించింది.

"ఉడకపోస్తాంది కదా నీకు. రెండు దినాలు ఓర్చుకో. ఆ తర్వాత తోలు తీసేసినా తల్లి కుమ్మదు."