నష్టం లేని వీధి

మా పక్కింటాయన పేరు బ్రహ్మచారి. ఆయనంటే నాకు గౌరవం. కోపం కూడా. రెండూ నీళ్ళ వల్లే వచ్చాయి.

మా వీధి మౌలాలి గుట్ట పక్కన ఎత్తు మీద ఉంటుంది. ఆయనది నీళ్ళ ఆఫీసులో ఉద్యోగం. ఏం పని అని అడిగితే, "నష్టం లెక్కగడ్త టీచరమ్మా" అనేవాడు. రిజర్వాయరు నుంచి వదిలిన నీళ్ళెన్ని, ఇళ్ళ మీటర్లలో తిరిగినవెన్ని? మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలింది నష్టం. పగిలిన పైపుల్లో పోయిందీ, దొంగ కనెక్షన్లలో పోయిందీ అంతా అందులోదే. ఉద్యోగమంతా పిల్లలకు తీసివేతలు నేర్పినదాన్ని, ఈ మాత్రం నాకూ తెలుసు. కానీ ఆయన ఆ తీసివేతను పూజ చేసినంత శ్రద్ధగా చేసేవాడు. కూరలో ఉప్పెక్కువైనా పట్టించుకోని మనిషికి, లెక్కలో ఒక్క అంకె తేడా వస్తే అన్నం సయించేది కాదు.

ఇంతా చేసి మా వీధిలో నీళ్ళు రావు. రోజు విడిచి రోజు పొద్దున పదింటికి వదులుతారు. కింది వీధులవాళ్ళు సంపులు నింపుకుని, కార్లు కడుక్కుని, ఇంకా ఏమైనా మిగిలితే అది మాకు. ఇంటికి ఒకటో రెండో బిందెలు. ట్యాంకరు ఈ ఎత్తు ఎక్కలేక గుట్ట కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మోసుకోవాలి. బ్రహ్మచారి భార్య బుచ్చమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంక బరువులు మొయ్యొద్దని డాక్టరు చెప్పాడు. మొయ్యకపోతే ఏం తాగాలో మాత్రం చెప్పలేదు.

అందుకని వీధంతా కలిసి అర్జీ పెట్టాం, నీళ్ళు పైకెక్కడానికి చిన్న పంపు పెట్టించండి మహాప్రభో అని. జవాబు తొందరగానే వచ్చింది. మీ వీధిలో వాడకం మిగతా వీధులకన్నా ఎక్కువగానే ఉంది, పంపు అవసరం లేదు అని. ఆ లెక్క కట్టింది ఎవరో వేరే చెప్పాలా?

నేను తిన్నగా వాళ్ళింటికెళ్ళి అడిగేశాను. "ఏవండీ, మీ ఆవిడ మోసే బిందెలు మీ లెక్కలో ఎక్కడున్నాయి?"

"మీటర్లు గట్లనే చెప్తున్నయ్ టీచరమ్మా, నేనేం జేస్త? ఎవరో నింపుకుంటున్నరు" అన్నాడాయన. అంటూ మా మేడ మీది ట్యాంకు వైపు చూశాడు. నా మీదే అనుమానం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తరవాత చాలా రోజులు వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

ఈలోగా ఆయనకు సన్మానం. ఆఫీసు లెక్కల్లో నష్టం అతి తక్కువ ఉన్నది మా ప్రాంతంలోనేనట. ఆయన పై అధికారి సత్యదేవ్ గారు శాలువా కప్పి, ఫొటో దిగి, మర్నాడు సెలవు కూడా ఇచ్చారు. ఆ సెలవే కొంప ముంచింది.

ఎందుకంటే నీళ్ళు వదిలే వేళకు ఆయన ఎప్పుడూ, ఆదివారాలు కూడా, ఆఫీసులోనే ఉంటాడు. మా ఎత్తు మీద ఒక అలవాటుంది. నీళ్ళు ఎప్పుడెక్కుతాయో తెలియదు కనక, ముందే కుళాయి బార్లా తిప్పి, కింద బకెట్ పెట్టి ఎవరి పనిలో వాళ్ళం పడతాం. మొదట పైపుల్లో గాలి బుస్సుమని వస్తుంది. ఆ చప్పుడే మాకు కబురు. గాలి చాలాసేపు వస్తుంది, ఆ తరవాత దయ కలిగితే నీళ్ళు.

ఆ రోజు బ్రహ్మచారి సగం గెడ్డం గీసుకుని, లుంగీతో బయటికొచ్చాడు. కుళాయి బుసకొడుతోంది. బకెట్ ఎండిపోయి ఉంది. గోడవార మీటరులో చక్రం మాత్రం గిర్రున తిరుగుతోంది. ఆయన మీటరు చూశాడు, బకెట్ చూశాడు. గబగబా వచ్చి మా మీటరు చూశాడు, ఆ అవతలింటిదీ చూశాడు. అన్నీ తిరుగుతున్నాయి. మొహాన సబ్బుతోనే అరుగు మీద కూలబడ్డాడు.

"ఏందయ్యా, ఏమైంది?" అంది బుచ్చమ్మ.

"గాలిని నీళ్ళ కింద రాసిన. ఇన్నేండ్ల సంది గాలినే రాసిన." అన్నాడాయన. నాకు జాలేసింది. అబద్ధమెందుకు, కొంచెం తృప్తిగా కూడా అనిపించింది.

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెబితే సత్యదేవ్ గారు నవ్వేశారట. "మీటరు తిరిగిందంటే వాడినట్టేనయ్యా. గాలో నీళ్ళో మనకెందుకు? శాలువా కప్పించుకుని ఇప్పుడు లెక్క మార్చమంటావేంటి?"

బ్రహ్మచారి శాలువా మడిచి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాడు. సాయంత్రం ఇంటింటికీ తిరిగాడు. ముందు మా ఇంటికే వచ్చాడు. "ఏమనుకోకుండ్రి టీచరమ్మా, నా తప్పే. ఇగ నుంచి ముందుగాల కుళాయి తిప్పకుండ్రి. కింది వీధోళ్ళు కార్లు కడుగుడు షురూ జేసినంకనే తిప్పుండ్రి. గప్పటిదాంక బంద్." సరేనన్నాం. కార్లు కడగడం మాకు పైనుంచి బాగానే కనిపిస్తుంది. మీటర్లు చాలావరకు కదలడం మానేశాయి.

తరవాతి నెల లెక్కలో మా ప్రాంతం అట్టడుక్కి పడిపోయింది. కింద పగిలిన పైపుల్లో పోతున్న నీళ్ళను ఇన్నాళ్ళూ మా గాలే కప్పిపెట్టింది మరి. పైవాళ్ళు అక్షింతలు వేసేసరికి, ఆ గుట్ట మీదివాళ్ళే దొంగతనంగా లాగుతున్నారంటూ సత్యదేవ్ గారు బ్రహ్మచారిని వెంటబెట్టుకుని స్వయంగా బయల్దేరారు. జీపు సగం దాకానే ఎక్కింది. మిగతాది నడిచొచ్చి, బ్రహ్మచారి అరుగు మీద కూర్చుని, రొప్పుతూ, "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అన్నారు.

అది నీళ్ళు వదిలే వేళే. బుచ్చమ్మ కుంటుకుంటూ గ్లాసు తెచ్చి, ఆయనెదురుగా కుళాయి తిప్పి, కింద పట్టింది. బుస్సుమని గాలి వచ్చింది. మీటరు గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆవిడ చాలాసేపు అలాగే గ్లాసు పట్టుకుని నిలబడింది. తరవాత ఆ ఖాళీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"రాసుకో. సారు కడుపునిండ తాగిండు."

ఎవరూ నవ్వలేదు. సత్యదేవ్ గారు గ్లాసులోకి చూశారు, మీటరు వైపు చూశారు, బుచ్చమ్మ మోకాలి పట్టీ చూశారు. ఫోను తీసి, గుట్ట వీధికి పంపు సంగతి ఇవాళే తేల్చమని ఎవరికో చెప్పారు.

అప్పుడు బుచ్చమ్మ లోపలికెళ్ళి కుండలోంచి నీళ్ళు ముంచుకొచ్చి ఇచ్చింది. పొద్దున ట్యాంకరు దగ్గర్నుంచి తను మోసుకొచ్చిన నీళ్ళు. అవి ఏ లెక్కలోనూ లేవు.