మేమే ఓడిపోతామని రాయి!

ఇండియానాలోని కార్వర్ ఊళ్లో మేకులూ బోల్టులూ అమ్ముకునే వెండెల్ స్ట్రౌడ్, ఏటా కాలేజీ బాస్కెట్‌బాల్ సెమీఫైనల్స్‌కి ముందు ఎవరు గెలుస్తారో ఊరి పత్రికలో రాస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన గెలుస్తుందన్న జట్టు ఒక్కటీ గెలిచిన పాపాన పోలేదు. అందుకని, ఓడిపోతారని రాయించుకోవడానికి జట్లు ఆయన కొట్టు చుట్టూ తిరుగుతాయి.

ఈసారి కార్వర్ కోచ్ భార్య లోరెటా చెర్రీ కేకు పట్టుకొచ్చింది.

"నీకు పుణ్యముంటుంది అన్నయ్యా! మావాళ్లు చిత్తుగా ఓడిపోతారని రాసిపెట్టు."

ఆమె అటు వెళ్లిందో లేదో, ఎదుటి జట్టు టిల్‌బరీ కోచ్ గస్ ఆపిల్ కేకుతో దిగాడు.

"సొంతూరని వాళ్లనే ఓడిస్తావా గురూ? మేమేం పాపం చేశాం?"

వెండెల్ రెండు కేకులూ తిన్నాడు. తిన్న నోటితో ఎవరికీ అన్యాయం చెయ్యబుద్ధి కాక, "రెండు జట్లూ ఓడిపోతాయి" అని రాసి పంపేశాడు.

శనివారం ఆటకి ముందే మైదానంలో గొడవ మొదలైంది.

"ముందు కేకిచ్చింది మేం! ఓటమి మాది!"

"నీ మొహం! మాది!"

రెండు జట్లూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. రిఫరీ రెండు జట్లూ ఓడినట్టేనని ప్రకటించి బయటికి గెంటేశాడు.

సోమవారం పత్రికవాళ్లు వెండెల్ చేత రాయడం మానిపించారు. లోరెటా కొట్టుకొచ్చి ముక్కు చీదింది.

"నీమీద ఎంత నమ్మకం పెట్టుకున్నాం అన్నయ్యా! చివరికి నిజం రాస్తావా?"