పందెంలో కారు ఆపిన మా బావ

మొన్న శుక్రవారం మా బావ పోయాడు. వారం రోజుల జ్వరం. కౌకూర్‌లో చర్చి వెనక సమాధి చేసి వస్తుంటే ఎవరో అన్నారు, "పాపం, గెలిచే పందెం చేతులార పోగొట్టుకున్నడు" అని. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ రోజు కారు వెనక సీట్లో ఉన్నది నేనే.

బావ మా అక్క భర్త. మేడ్చల్ దగ్గర ఒక దొరకు డ్రైవరు. ఆ దొర కారు కడిగి, ఇంజన్‌కు నీళ్లు పోసే పని నాది. జోరుగా పోయే టాపులేని ఇంగ్లీషు బండి. స్టీరింగు ముందు ఇంజన్ నీళ్ల వేడి చూపే ముల్లొకటి, ఇంజన్ నూనె వేడికొక ముల్లు ఉండేవి. అందరూ మొదటిదే చూసేవారు, బావ రెండోది చూసేవాడు. పొద్దున దొర ఎంత తొందరపెట్టినా నూనె వెచ్చబడనిదే జోరు పెంచేవాడు కాదు. "నీళ్లు జల్దీ కాగుతయి. నూనెకు టైం పడ్తది, ఆగుండ్రి" అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, మా దొరకూ ఇంకో దొరకూ మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పందెం పడింది. మేమే ముందున్నాం. సగం దారిలో బావ కారు పక్కకు తీసి ఆపాడు. ఒక్కసారే ఆపితే పాడవుతుందని ఇంజన్ మాత్రం సన్నగా తిరగనిచ్చాడు. రెండో కారు దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది.

దొర చేతికర్రతో బావ భుజం మీద కొట్టాడు. "నీళ్ల ముల్లు మంచిగనే ఉంది గదరా. ఎందుకాపినవ్?"

"నీళ్లు కాగితే మూత తన్ని అరుస్తయి దొరా. నూనె అరవది. దాని ముల్లు సూడుండ్రి, ఆఖరుకెక్కింది. గింత జోరుల ఇంజన్ పట్టేస్తే చక్రాలు బిగుసుకొని బండి పల్టీ కొడ్తది."

"ఇంజన్ నాది. నడుపు."

బావ దిగి తలుపు తీసి పట్టుకున్నాడు. "అయితే మీరే నడుపుండ్రి. మా బామ్మర్ది మాత్రం దిగుతడు."

నేను దిగాను. దొర స్టీరింగు వైపు చూశాడు గాని, కూర్చోలేదు.

నూనె ముల్లు దిగాక మెల్లగా శామీర్‌పేట చేరాం. అక్కడ నవ్వులు. అందరి ముందు దొర, "కాళ్లు మొక్కు, మాఫ్ జేస్త" అన్నాడు.

"తప్పు జేస్తే మొక్కుతుంటి. చెయ్యలే."

బావ దొర ఇచ్చిన ఖాకీ కోటు విప్పి, మడిచి, సీటు మీద పెట్టి నడిచిపోయాడు. నేను పోలేదు. నాకు ఇంట్లో ముగ్గురు పిల్లలు. తలదించుకుని మళ్లీ వెనక సీట్లో కూర్చున్నాను.

తర్వాత బావ బొల్లారంలో లారీ నడిపాడు. దొర రెండుసార్లు కబురు పెట్టినా పోలేదు. నన్ను మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఓడిపోయిన మనిషి అట్లా బతకడు.

ఆ పందెం రోజు మధ్యాహ్నం తిరుగుదారిలో దొరే కారు నడిపాడు. కొంత దూరం పోయాక బావ కనిపించాడు. చెమటకు బనియను వీపుకు అంటుకుంది, భుజం మీద కర్ర వాత ఎర్రగా తేలింది. దొర హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బావ వెనక్కి తిరగలేదు, రోడ్డు నడిమధ్య నుంచి జరగలేదు. చివరికి కారే రాళ్లలోకి దిగి, పక్కనుంచి పోయింది.