సదయ్య తీసిన కంత

గోదావరిఖనిలో మా పక్క క్వార్టరు సదయ్యన్నది గాలి పని. గనిలో పరదాలు కట్టి, గోడలు పెట్టి, బొగ్గు కొట్టేవాళ్ల దాకా మంచి గాలి చేర్చడమే ఆయన డ్యూటీ. ఇంట్లో మాత్రం ఆయన మాట చెల్లదు, అంతా ఆయన భార్య లింగవ్వక్క రాజ్యమే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టని నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. నా నోరు పడిపోను.

డెబ్బై రెండులో కూతురు సమ్మవ్వ పురిటికి వచ్చింది. మా మేడమీది క్వార్టర్లలో స్నానాల గది తలుపు వేస్తే పెట్టెలాగే ఉండేది. సదయ్యన్న సెలవు రోజున సుత్తీ ఉలీ పట్టుకుని, గోడ పైభాగంలో రెండు ఇటుకలు తీసి కంత పెట్టాడు.

"జర గాలి ఆడుతది," అన్నాడు.

లింగవ్వక్క ఒప్పుకుంటుందా? "బాలింతకు గాలి సోకితే ఇంకేమన్న ఉన్నదా? నీ గని తెలివి గనిల్నే పెట్టుకో," అంది.

సమ్మవ్వ ఆడపిల్లను కన్నది. పదకొండో రోజు, సదయ్యన్న మొదటి షిఫ్టుకు పోయాక, అక్క ఆ కంతలో గోనెసంచి కుక్కింది. మధ్యాహ్నం కూతురికి వేడినీళ్లు పోసి, జుట్టు ఆరడానికి సాంబ్రాణి వేసిన బొగ్గుల కుంపటి లోపలే పెట్టింది. గడియ పెట్టుకొమ్మని చెప్పి బయటికొచ్చి, పసిపిల్లను ఒళ్లో వేసుకుంది.

ఎంతకీ తలుపు తెరుచుకోలేదు. పిలిస్తే పలుకు లేదు. అక్క పిల్లను నా చేతిలో పెట్టి, మనుషుల కోసం కిందికి ఉరికింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన సదయ్యన్న తలుపు తన్ని లోపలికి పోయాడు. ముందు ఆయన చెయ్యి గోనెసంచి మీదికే పోయింది. దాన్ని లాగి నేల మీద పడేసి, అప్పుడు కూతుర్ని ఎత్తుకుని వరండాలోకి తెచ్చాడు. సమ్మవ్వ చెంపలు ఎర్రగా ఉన్నాయి, ప్రాణం మాత్రం లేదు.

"బొగ్గుల గాలి, చెల్లె," అన్నాడు మెల్లగా. "మూసిన గదిల కుంపటి పెడితే గింతే. వాసన గూడ రాదు."

అక్క వచ్చింది. బిడ్డను చూసింది, నేల మీది సంచిని చూసింది. "సంచి జారిపడ్డది. నువ్వు తీసిన కంతల నుంచి గాలి సోకి నా బిడ్డ పోయింది. నువ్వే సంపినవ్," అని ఆయన గుండెల మీద గుద్దింది.

నాకసలే ముక్కు మీద కోపం. నోరు తెరిచాను. ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

"అవునే, నాదే తప్పు," అన్నాడామెతో.

దినాలయ్యాక పట్టలేక అడిగాను. "గీ నింద నీకెందుకన్నా?"

"బిడ్డ ఎట్లాగూ పోయింది. తన చేతులతోనే పోయిందని తెలిస్తే మీ అక్క బతుకుతదా? ఆ పసిదాన్ని ఎవరు సాదుతరు?"

ఆ తర్వాత ఆయన ఇల్లిల్లూ తిరిగి, స్నానాల గదిలో కుంపటి పెట్టొద్దని బతిమాలాడు. బిడ్డను తిన్నోడు మనకు బుద్ధులు చెప్తున్నడని జనం తలుపులు మూసుకున్నారు. నేను పళ్లు కొరుక్కుంటూ ఊరుకున్నాను. ఆ పాపంలో నాకూ భాగం ఉంది.

మనవరాలికి ఐదేళ్లు వచ్చాయి. ఒకనాడు ఆయన అన్నం తినిపిస్తుంటే, నా ముందే అడిగింది.

"తాతా, మా అమ్మను నువ్వే సంపినవట గదా?"

అక్క పొయ్యి దగ్గరే ఉంది.

"అవు బిడ్డా," అని సదయ్యన్న ఇంకో ముద్ద కలిపాడు.