కార్నిష్ మీద బోణీ

జెద్దాలో సముద్రం ఒడ్డునున్న కార్నిష్ రోడ్డు మీద వేసవి పండుగంటే లోకానికి దీపాలు, పాటలు, పిల్లల కేరింతలు. నాకు మాత్రం ఒళ్ళంతా జిగట. సముద్రపు గాలి వస్తుందని గుడారాల వరసలో కొసనున్న బల్ల కోసం రెండు రోజులు బేరమాడి మరీ దక్కించుకున్నాను. గాలి రాలేదు, ఆవిరి వచ్చింది. మా నాన్న కిరాణా కొట్లో గల్లా పక్కనే పెరిగినవాణ్ణి. సరుకు చూడకుండా చేసిన మొదటి బేరం అదే.

నేను అమ్మేది తాయిఫ్ గులాబీల షర్బత్, గ్లాసు ఐదు రియాళ్ళు. పక్క బల్ల మీద ప్రొద్దుటూరు మనిషి ఒకడు బ్యాటరీతో తిరిగే ఊదా రంగు చేతి పంకాలు అమ్మేవాడు. అతనూ కొట్టువాళ్ళ బిడ్డే, వాళ్ళది బట్టల కొట్టు. ఇద్దరికీ కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఒక్కడే. మొదటి రోజే తేల్చి చెప్పాడు: పండుగ అయ్యాక జెద్దాలోనే ఉన్న తన షరఫియా దుకాణంలో ఒక్కడే ఉంటాడు, ధర దించకుండా అమ్మినవాడు. రెండోవాడు ఎడారి అవతల హుఫూఫ్‌లోని ఖర్జూరాల గోదాముకు.

షరఫియాలో శుక్రవారం సాయంత్రం మా జగిత్యాల సగం కనిపిస్తుంది. హుఫూఫ్ గోదాములో డబ్బాలు తప్ప ఎవరుంటారు? డబ్బాలతో బేరమాడలేం కదా. అందుకే ఆ ప్రొద్దుటూరు మనిషి నవ్వినా నాకు కడుపు మండేది.

"ఏమప్పా, గాలి బాగా కొడతాందా?" అనేవాడు, పంకా తన మొహానికే పెట్టుకుని.

"కొడ్తుంది తియ్యన్నా. నీ పంకలు ఎవలు కొంటరో సూద్దాం," అనేవాణ్ణి.

రెండో సాయంత్రం మొదటి గిరాకీగా ఒక పాకిస్తానీ డ్రైవర్ వచ్చాడు. "బోణీ కా టైమ్ హై భాయ్, దో రియాల్," అంటూ వరసంతా చూసేలా రెండు వేళ్ళు పైకెత్తాడు. మా ఇంట్లో బోణీ గిరాకీని ఉత్త చేతులతో పంపరు. పంపితే ఆ రోజంతా గల్లా మూగబోతుందని నాన్న నమ్మకం. నాకు నమ్మకం లేదు, భయం ఉంది. ఇచ్చాను. వెనక నిలబడ్డ నల్ల అబాయా ఆవిడా రెండు వేళ్ళు చూపింది. "రియాలైన్." ఆమె వెనకావిడ, ఆవిడ వెనక వాళ్ళాయన. ఆ సాయంత్రం ఐదు అనే మాట ఎవరూ నన్ను అననివ్వలేదు.

మర్నాడు బంగ్లాదేశీ స్వీపరు. అవే రెండు వేళ్ళు. ఆ తర్వాత రోజు ఇంకొకడు. మా ఇంటి బోణీ భయం ఇంతమందికి ఎట్లా తెలిసిందా అనుకుంటుండగా, వాడు గ్లాసు అందుకున్నాడు. రెండో చేతిలో ఊదా రంగు పంకా. గుర్తు తెచ్చుకుంటే ముందు వచ్చిన ఇద్దరి చేతుల్లోనూ అదే.

"నీ పనేనా ఇది?" అన్నాను పక్క బల్లకు పోయి.

"నేనేం చేసినానప్పా? ఇచ్చేది నువ్వు. ఇయ్యకుంటే పాయె."

"బోణీ ఇయ్యకుంటే పాయె అని మీ నాయిన ముంగట అంటవా?"

అతను గబుక్కున చెంపలు వేసుకున్నాడు. నాకు దారి దొరికింది.

మర్నాడు పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ అయ్యి గుడారాలు తెరిచేసరికి నా బల్ల వదిలేసి అతని బల్ల ముందు నిలబడ్డాను. వెనక జనం. ఇరవై రియాళ్ళ పంకా తీసుకుని ఒక్క వేలు ఎత్తాను, చెయ్యి ఎంత లేస్తే అంత పైకి.

"బోణీ అన్నా. ఒక్కటే రియాల్."

"నాశనమైపోతావురా నువ్వు," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"ఐతె ఐత. బోణీ తిప్పి పంపుతవా మరి?"

అతని చెయ్యి పంకా పిడి మీద బిగిసింది. కాసేపటికి వదిలేసింది. కొట్టువాళ్ళ బిడ్డ కదా. నా వెనక వరసంతా ఒక్కో వేలు లేచింది.

పండుగ చివరి రోజుకు నా షర్బత్ చుక్క మిగల్లేదు, అతని పంకాలూ అంతే. కఫీల్ ఖాళీ బల్లలు చూసి మొదట సంతోషపడ్డాడు. తర్వాత ఎంతకు అమ్మారని అడిగాడు. వచ్చిన అరబ్బీలో ఇద్దరం ఒకరి మీద ఒకరం చెప్పుకున్నాం. ఆయన సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. దుకాణానికి వేరేవాణ్ణి చూసుకుని, మా ఇద్దరినీ ఒకే వ్యానులో హుఫూఫ్‌కు ఎక్కించాడు.

వ్యానులో ఏసీ పనిచేయలేదు. నా ఒళ్ళో రియాలు పంకా తిరుగుతోంది.

"రవ్వంత ఇట్ల తిప్పప్పా," అన్నాడు.

"ఎంతిస్తవ్?"

అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. తాయిఫ్ కొండ ఎక్కకముందే పంకా ఆగిపోయింది. ఉత్త నాసిరకం సరుకు. ఆ మాట అతనికి వినబడేలా రెండుసార్లు అన్నాను.