పొగవైపు చుట్టం

మా ఫోవా ద్వీపానికి ఎత్తు లేదు. ఎక్కడ నిలబడ్డా కొబ్బరి మొదళ్ళ సందుల్లోంచి రెండువైపులా సముద్రం కనిపిస్తుంది. ఎల్డర్ వైకోనా ఈ ఊరు వచ్చిన కొత్తలో సైకిలు దిగి నన్నడిగిన మొదటి మాట, "అక్కా, ఇక్కడ ఎక్కడానికి ఏముంది?" అని.

"కొబ్బరిచెట్టు" అన్నాను.

నవ్వాడు గానీ కళ్ళు మాత్రం దూరంగా, మేఘాల అడుగున దేనికోసమో వెతికాయి. అతనిది ఎవువా దీవి. కొండలు, అడవి, పొద్దున్నే మంచు దిగే చోటు. అదీ టోంగానే, ఇదీ టోంగానే. అయినా కొండ కింద పెరిగినవాడికి చదును నేల పరాయి దేశమే.

మార్మన్ అనే క్రైస్తవ సంఘం పంపగా రెండేళ్ళ మతసేవకు వచ్చాడు. తెల్లచొక్కా, టై, నల్లలుంగీ, నడుముకు మా మర్యాద ప్రకారం చుట్టుకునే చిన్న చాప, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ. అతనికి జోడీ ఎల్డర్ స్టాడర్డ్, అమెరికాలో యూటా నుంచి వచ్చిన పొడుగాటి పిల్లాడు. ఎండకు ముక్కు మీద తోలు ఎప్పుడూ ఊడుతూ ఉండేది. ఇద్దరూ ఒకరి చూపుల్లోంచి ఒకరు తప్పిపోకూడదు. ఒకడు చేదబావి దగ్గరుంటే ఇంకొకడు బావిగట్టున ఉండాల్సిందే. సేవ పూర్తయ్యేదాకా సముద్రంలో దిగకూడదు కూడా. సోమవారం బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడి, సాయంత్రం ఒడ్డుకు వచ్చేవారు. వైకోనా చెప్పులు చేత్తో పట్టుకుని, అల వచ్చి ఆగే తడిగీతకు ఇవతల నిలబడేవాడు. నీళ్ళ మధ్య పుట్టి పెరిగిన పిల్లాడు నీళ్ళను అలా చూడటం నాకు ప్రార్థనలాగే అనిపించేది.

మా ఊళ్ళో చాలామందిమి వెస్లీ సంఘం వాళ్ళం. ఈ మార్మన్ పిల్లల మాట వినం గానీ తిండి పెడతాం. తలుపు తట్టి దేవుడి సంగతి ఎత్తేలోపే ఆకులో చుట్టిన చామదుంప చేతిలో పెట్టి పంపేస్తాం. వైకోనా దుంప తీసుకునేవాడు, మర్నాడు ఆ ఇంటికి కట్టెలు కొట్టి ఇచ్చేవాడు. కలుపు తీసేవాడు, పందుల దొడ్డికి కంచె కట్టేవాడు, మంచంలో ఉన్న ముసలాళ్ళకు గోళ్ళు తీసేవాడు. వచ్చి ఏడాది అవుతున్నా వాళ్ళ సంఘంలోకి ఒక్కరూ కొత్తగా రాలేదు. దాని గురించి అతని మొహంలో విచారం నేనెప్పుడూ చూడలేదు.

అతను ఎక్కువగా వచ్చేది టోకిలుపె అవ్వ ఇంటికి. అవ్వ మా పక్కిల్లే. పిల్లల్లేరు. మొగుడు ఎప్పుడో పోయాడు. మేమిద్దరం ఒకే దిమ్మకు అటూ ఇటూ కూర్చుని, చెట్టుబెరడును కొయ్యసుత్తులతో కొట్టి బట్ట చేసేవాళ్ళం. ఆవిడ దెబ్బ, నా దెబ్బ, ఆవిడ దెబ్బ, నా దెబ్బ. ఆ చప్పుడులోనే మా స్నేహమంతా నడిచింది.

"ఒసే వాసిటీ, వస్తున్నాడే పెద్దాయన" అనేది, సైకిలు గంట వినగానే. ఎల్డర్ అంటే పెద్ద అని తెలిసిన రోజు నుంచీ ఆవిడకదే ఆట. "ముక్కుపచ్చలారలేదు, పెద్దట."

"బాగున్నారా అవ్వా?"

"బాగుంటే నీకిక్కడ పనేముంది నాయనా. కూర్చో. టీ తాగుతావా?"

"మా సంఘంలో టీ తాగరు కదవ్వా."

"తెలుసులే. పొడి మిగులుతుందని అడిగా."

అని నవ్వుకుంటూనే లేచి నారింజాకులు కోసి నీళ్ళలో మరిగించేది. అది వాళ్ళు తాగొచ్చు. స్టాడర్డ్ రెండు చేతులా గిన్నె పట్టుకుని ఆవిరి పీల్చేవాడు. "ఈ పొడుగాయన మా ఆకుల వాసనకే బతికేస్తాడు, ఇంక వీడికి తిండి దండగ" అనేది అవ్వ. వైకోనా కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్ళేవాడు.

ఒకరోజు కట్టెలు పేర్చి, చెమట తుడుచుకుంటూ, తను చెప్పాల్సిన మాట చెప్పాడు. "కుటుంబాలు చావుతో తెగిపోవవ్వా. ఎప్పటికీ ఉంటాయి."

అవ్వ సుత్తి ఆగింది. నాదీ ఆగింది.

"ఎప్పటికీ సంగతి తర్వాత చూద్దాం. ఇవాళ నాకు కుటుంబం ఎక్కడుందో చూపించు. నేను పోతే ముందుగదిలో పాడ్డానికి ఊరంతా వస్తుంది. ఏడుస్తారు, తింటారు. వెనకాల పొగలో ఎవడుంటాడు? మా తమ్ముడి కొడుకు కెలెపీ ఆక్లాండులో ఎవరెవరి ఇళ్ళకో కప్పులు వేస్తున్నాడు. నా ఇంటి వెనక మాత్రం ఖాళీ."

మాలో మేనత్త పోతే మేనల్లుడి చోటు శవం దగ్గర కాదు. పెద్ద చిరుగుల చాప ఒకటి నడుముకు చుట్టుకుని, జనం కంటపడకుండా రాళ్ళపొయ్యి దగ్గర మసిలో, పొగలో నిలబడి ఊరందరికీ వండాలి. ఆ తక్కువ చోట ఒకడు ఉన్నాడంటేనే పోయినావిడ ఎక్కువది. ఎవడూ లేకపోతే ఆవిడ చావుకు విలువ లేనట్టే.

అవ్వ లేచి, దూలాల మీది నుంచి ఒక చాప చుట్ట దించి చూపించింది. అంచులు పీచులైపోయాయి. "నా పెళ్ళినాటిది. నాకంటే ఎలుకలే ఎక్కువ వాడుకున్నాయి. కెలెపీ కోసమని దాచా."

"వస్తాడులే అవ్వా, నేను చూసుకుంటాగా" అన్నాను నేను. ఏదో ఒకటి అనాలని అన్న మాట.

వైకోనా ఆ చాప వైపే చూస్తూ ఉండిపోయాడు.

వానలు ముగిసే రోజుల్లో ఒక పొద్దున వైకోనా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పలకరించి, ఎప్పటిలాగే గొడ్డలి తీసుకున్నాడు. దెబ్బలు మాత్రం కట్టె మీద కాకుండా కట్టె పక్కన పడుతున్నాయి. స్టాడర్డ్ మా దగ్గరికొచ్చి, తనకొచ్చిన కొద్దిమాటల్లో మెల్లగా చెప్పాడు. "వాళ్ళ మేనత్త పోయింది. ఎవువాలో. ఇవాళ మట్టి."

సేవలో ఉన్నవాళ్ళు మధ్యలో ఇంటికి వెళ్ళరు. ఆవిడకు వాడొక్కడే మేనల్లుడని తర్వాత తెలిసింది.

అవ్వ ఆ రోజు ఒక్క ఎగతాళీ చేయలేదు. వెళ్ళి గొడ్డలి అందుకుని పక్కన పెట్టి, వాడిని దిమ్మ దగ్గర కూర్చోబెట్టి, తన సుత్తి వాడి చేతికిచ్చింది. "కొట్టు. బెరడుకు నొప్పి లేదు" అంది. మగవాళ్ళు ఆ పని చేయరు. మధ్యాహ్నం దాకా ఆవిడ చోట కూర్చుని వాడు, ఇవతల నేను, మాటల్లేకుండా కొట్టాం. ఆ రోజు బట్ట ఒకచోట మరీ పల్చబడింది. ఎండకు ఎత్తి పట్టుకుంటే అందులోంచి ఆకాశం కనిపించేది. అవ్వ దాన్ని అతుకు వేయనివ్వలేదు.

ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు ఆవిడ. ఒక గురువారం మధ్యాహ్నం, దెబ్బకు దెబ్బ అందలేదేమని తలెత్తి చూస్తే దిమ్మ మీద చెంప ఆనించి ఉంది. నిద్రనుకున్నాను.

అదే రోజు గాలి తిరిగింది. సముద్రం బూడిదరంగు కొండలుగా లేచింది. కెలెపీ ఆక్లాండు నుంచి మా రాజధాని నుకుఅలోఫా దాకా వచ్చేశాడు. అక్కడ ఓడ కదలదు, మా చిన్న విమానం ఎగరదు. ఫోన్లో వాడి గొంతు గాలికి చిరిగి వినిపించింది. "ఆదివారం దాటించండి, వచ్చేస్తా." దాటించడం ఎలా? ఆదివారం మా నేలలో పార దిగదు. వేడినేలలో శవం సోమవారం దాకా ఆగదు. శనివారమే మట్టి అని పొరుగూరి నుంచి వచ్చిన ఫానె తేల్చేసింది. ఫానె మా టోకిలుపె అవ్వ నాన్నకు అక్క మనవరాలు. మాలో అక్కచెల్లెళ్ళ సంతానానిదే పైచోటు గనక ఆ చావింట్లో తల దగ్గర కూర్చునే హక్కు ఆవిడది, అక్కడ ఆవిడ మాటే మాట.

శనివారం పొద్దున్నే దుంపలు చెక్కడానికి ఇరుగుపొరుగు వచ్చారు. పందిని కోశారు. కానీ చాప జోలికి ఎవరూ పోలేదు. వరస కానివాడు దాన్ని చుట్టుకుంటే అబద్ధం కట్టుకున్నట్టే. పెరట్లో పొయ్యి గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. నేను చూసుకుంటానని అవ్వకు నేనన్న మాట గుర్తొచ్చింది.

అప్పుడు వానలో రెండు సైకిళ్ళు వచ్చాయి. వైకోనా టై విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, ఆ చాప ఎక్కడుంది?"

"నీకు వరస కాదురా."

"తెలుసు."

"మీ సంఘం పెద్దవాళ్ళు ఒప్పుకుంటారా?"

"ఫోన్ చేశా. చావింట్లో సాయం చెయ్యమన్నారు. చాప సంగతి వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు."

దించి ఇచ్చాను. అది వాడి నడుముకు రెండు చుట్లు తిరిగి, చంకల దాకా లేచి, మోకాళ్ళ కింద పీచులై వేలాడింది. రాళ్ళు ఎర్రగా కాల్చాడు, అరిటాకులు పరిచాడు, దుంపలు పేర్చాడు. తడికట్టెల పొగ మనిషిని మింగేసింది. స్టాడర్డ్ దగ్గుతూ, ఏడుస్తూ, చూపు తప్పిపోకుండా పక్కనే నిలబడి ఆకులు అందించాడు.

ముందుగదిలో పొరుగూళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు కిటికీలోంచి చూశారు. "కెలెపీ వచ్చేశాడు." "ఎలా వచ్చాడే, ఈదుకుంటూనా?" "కాదులే, చిన్నవాడిలా ఉన్నాడు. కెలెపీ తమ్ముడేమో." ఆ గుసగుస తల దగ్గరున్న ఫానె దాకా వెళ్ళింది. ఆవిడ వాడిని పిలిపించింది.

వైకోనా లోపలికి రాలేదు. గడప బయటే, వాననీళ్ళు కారే చూరు కింద, తల వంచి కూర్చున్నాడు. పొగచూరిన జేబు మీద పేరుబిళ్ళ ఒక్కటే మెరుస్తోంది.

"నువ్వు ఎవరి కొడుకువి?" అంది ఫానె.

తల వంచుకుని ఊరుకుంటే చాలు. ఎవరూ ఇంకో మాట అడగరు. అవ్వ చావు నిండుగా సాగిపోతుంది. ఊరుకోరా, ఊరుకోరా అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

"నేను ఈ ఇంటివాణ్ణి కాదండీ. ఎవువా నుంచి సేవకొచ్చాను. నాకు వరస లేదు."

ఎవరో "అయితే విప్పించండి" అన్నారు.

"మరి ఎందుకు కట్టావు?" అంది ఫానె.

"మా మేనత్త పోయినప్పుడు నేనిక్కడున్నాను. ఆవిడకు కట్టాల్సిన చాప కట్టలేదు. ఇక్కడేమో చాప ఉంది, కట్టేవాడు లేడు." చాప ముడి మీద చెయ్యి వేశాడు. "విప్పమంటే విప్పుతాను. పొయ్యి దగ్గర మాత్రం ఉండనివ్వండి."

రేకు మీద వాన చినుకులు మా సుత్తుల్లా పడుతున్నాయి, అవ్వ దెబ్బ, నా దెబ్బ. ఫానె చెయ్యి అవ్వ మీద కప్పిన బెరడుబట్టను సర్దుతూ, ఆ పల్చబడిన చోట ఆగింది.

"మీ అత్త పేరేంటి?"

"లోసెలి."

"ఇవాళ లోసెలికి కూడా వండు. పో, దుంపలు మాడుతున్నాయి."

అంతే. పాట మళ్ళీ మొదలైంది.

అవ్వను తెల్ల ఇసుకలో పెట్టాం. మర్నాడు వైకోనా ఆ చాపతోనే వాళ్ళ గుడికి వెళ్ళాడు. మట్టి తర్వాత కూడా కొన్నాళ్ళు సాగే చావింటి వంటలు ముగిసేదాకా కట్టిన చాప విప్పకూడదు కదా. సోమవారం ఉతికిన రెండు చొక్కాలు తాడు మీద టీ రంగులో ఊగుతుంటే, "తాగకుండానే మరకలు" అని స్టాడర్డ్‌ను ఏడిపించాను. చాప పీచులు సైకిలు చక్రంలో చిక్కుకుంటే దిగి, నడిపించుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు వైకోనా. తలుపులు తెరిచినవాళ్ళు "టోకిలుపె మేనల్లుడా, రా" అన్నారు. దేవుడి మాట అప్పుడూ వినలేదు. దుంప మాత్రం పెద్దది పెట్టారు.

మంగళవారం సముద్రం చదునైంది. పక్క దీవిలోని పంగాయి రేవుకు ఓడ వచ్చింది. కెలెపీ సూటుకేసు దారిలోనే ఎవరికో ఇచ్చేసి, మంచి బూట్లు బురదలో ముంచుకుంటూ, తిన్నగా పెరట్లోకి వచ్చాడు. భారీ మనిషి. పొయ్యి దగ్గర తన చాపలో ఇంకెవడో ఉండటం చూసి ఆగిపోయాడు. దారి పొడుగునా ఊరు అతనికి సంగతంతా చెప్పే ఉంటుంది.

వైకోనా మెల్లగా ముడి విప్పి, చాపను రెండు చేతులా అందించాడు. కెలెపీ తీసుకుని అందులో మొహం దాచుకున్నాడు. తర్వాత మా ముద్దు పద్ధతిలో వైకోనా చెంపకు తన ముక్కు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చాడు.

"అత్త నా గురించి ఏమన్నా అందా?"

"మీ చాపను ఎలుకలు కొరికేశాయంది" అన్నాడు వైకోనా.

కెలెపీ ఏడుస్తూనే నవ్వాడు. చాప చుట్టుకున్నాడు. వైకోనా చేతులు దులుపుకుని సైకిలు వైపు అడుగు వేశాడో లేదో, ముందుగదిలోంచి ఫానె గొంతు వినిపించింది. "ఆ ఎవువా వాణ్ణి ఎవరు పొమ్మన్నారు? జనం చాలామంది ఉన్నారు, ఆ పెద్ద పెండలం ఒక్కడు ఎత్తలేడు."

వాడు వెనక్కి తిరిగాడు. స్టాడర్డ్ అప్పటికే ఆకులు అందుకున్నాడు.

నేను దిమ్మ దగ్గర, అవ్వ లేని వైపుకు ఎదురుగా కూర్చుని పెరట్లోకి చూశాను. తెల్లటి పొగ కొండలా లేచి కొబ్బరి తలలు దాటి నిలబడింది. దాని కింద ముగ్గురు.