ఏ ఆయ్?

ఈ ఉదయం ఓపీకి వచ్చిన ఒక పెద్దాయన చొక్కా నుంచి ఎండుకొబ్బరి వాసన వచ్చింది. "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగితే "ఆయ్" అన్నారు. నేను పెన్ను పక్కన పెట్టేశాను. ఈ అలవాటు రాజోలులో సత్యవతి డాక్టరుగారి దగ్గర అబ్బింది.

ఎంబీబీఎస్ అయ్యాక, పీజీ కౌన్సెలింగు కోసం ఎదురుచూస్తూ నాలుగు నెలలు ఆవిడ క్లినిక్‌లో కూర్చున్నాను. నా ర్యాంకుకు రేడియాలజీ సీటు ఖాయం. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే నాన్న అప్పటికే ఊరంతా చాటేశారు. నాకూ బాగానే ఉందనుకున్నాను. స్కాను ఒకే సంగతి పదిసార్లు చెప్పదు, నాకు ఓపిక తక్కువ.

ఒకరోజు చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే అప్పారావు వచ్చాడు. "బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?" "ఆయ్." "రోజూనా?" "ఆయ్." అయినా బీపీ ఎక్కువే ఉంది కదా అని మోతాదు పెంచి రాసేశాను. డాక్టరుగారు చీటీ చూసి, గేటు దాటుతున్న మనిషిని వెనక్కి పిలిపించారు. కూర్చోబెట్టి ఈ ఏడు కాయ ఎలా ఉందని, ఎన్ని చెట్లెక్కుతున్నావని అడుగుతూ పోయారు. నాకు విసుగొచ్చింది. చివరికి అతనే నేల చూస్తూ చెప్పాడు.

"అవి వేసుకుంటే తల తిరుగుతుందండి. చెట్టు మీద పట్టు దొరకట్లేదండి. అందుకని మానేసేనండి. ఈ చిన్న డాక్టరమ్మగారు బాధపడతారని చెప్పలేదండి."

నా మాట మీద గౌరవంతో ఆ మోతాదు వేసుకుని చెట్టెక్కి ఉంటే? నాకు భయమేసింది. ఆవిడ మందు మార్చి అతన్ని పంపేశాక నా వైపు తిరిగారు.

"ఇక్కడే పుట్టేవు కదమ్మా. ఆయ్ అంటే అవునని ఎవరు చెప్పేరు నీకు? మీ మాట విన్నానండి అని, అంతే."

కౌన్సెలింగుకు ముందురోజు చెప్పి వెళదామని వెళ్ళాను. "అయితే రేడియాలజీయేనా?" అన్నారు. "ఆయ్" అన్నాను.

ఆవిడ స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టారు. "ఏ ఆయ్ అమ్మా అది?"

బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నా ఆవిడ కదల్లేదు. ఆ నాలుగు నెలలూ ఇంటికెళ్ళి నేను చెప్పిన కబుర్లన్నీ మనుషులవే. ఆ సంగతి అప్పుడే తట్టింది.

"నాన్నగారిదండి" అన్నాను.

జనరల్ మెడిసిన్ తీసుకున్నాను. నాన్న నెల్లాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. డాక్టరుగారు పోయి రెండేళ్ళయింది. నా ఓపిక ఇప్పటికీ అంతంతమాత్రమే, ఆవిడ పక్కనుంటే బాగుండునని రోజూ అనిపిస్తుంది.

పెద్దాయన్ని ఈ ఏడు కాయ ఎలా ఉందని అడిగాను. కాసేపు కాయ గురించే చెప్పారు. తర్వాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

"నిద్రంటారా, అసలు పట్టట్లేదండి."